కరెంటు కోసం నాలుగు లక్షలు ఎక్కువ పెట్టాలా?

ప్రశ్న: మాది విశాఖ మధురవాడ, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. మామూలు పెట్రోల్ కారు కొందామనుకుంటుంటే మా బావమరిది హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, మోటారు కూడా ఉండే కారు) తీసుకోమంటున్నాడు. నాలుగు లక్షలు ఎక్కువవుతుంది. తుపానుకు కరెంటు పోయినా కారు నుంచే ఇంటికి లాక్కోవచ్చు, ఇన్వర్టర్ ఖర్చు మిగులుతుంది అంటాడు. అమ్మ ఇన్సులిన్ వాడుతుంది కాబట్టి ఫ్రిజ్ ఆగకూడదు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతాం. ఆ నాలుగు లక్షలకూ లోన్ పెట్టొచ్చా?

జవాబు: మీ బావమరిది మాట ఉత్త గాలికబురేం కాదండీ. జపాన్‌లో చాలా టయోటా హైబ్రిడ్లకు 1500 వాట్ల ప్లగ్గు వస్తుంది. 2011 భూకంపం తర్వాత దాని విలువ అక్కడి వాళ్లకు బాగా తెలిసొచ్చింది. కారు ఆన్‌లో ఉంచితే చాలు, బ్యాటరీ తగ్గినప్పుడల్లా ఇంజిన్ తనే స్టార్టయి నింపుకుంటుంది.

మన దగ్గర అమ్మే టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్లలో ఆ ప్లగ్గు లేదు. ఉన్న 12 వోల్టుల సాకెట్ 120 వాట్లిస్తుంది. ఫోన్లకు, ఒక ఫ్యానుకు సరే, ఫ్రిజ్ కంప్రెసర్ ఎత్తుకునేటప్పుడు చాలదు. మెకానిక్‌తో బ్యాటరీ దగ్గర వైరు కలిపించి పెద్ద ఇన్వర్టర్ పెట్టిస్తే వారంటీకి ఎసరు. రేపు షార్ట్‌సర్క్యూట్ అయితే ఇన్సూరెన్సు సర్వేయరు ముందు చూసేదీ ఆ వైరునే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. హైబ్రిడ్‌లో బ్యాటరీ పెద్దదేమీ కాదు. ఆ రెండు కార్లలో ఉన్నది 0.76 యూనిట్లు. ఇంటి ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యపు కొలత) బ్యాటరీలో 1.8 యూనిట్లు ఉంటుంది! అంటే కారు ఇచ్చే కరెంటు అసలు పెట్రోలుదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక బంకుల దగ్గర క్యూలు చూసినవాళ్లెవరూ ఆ పెట్రోలును ఫ్రిజ్ కోసం కాల్చరు. పైగా అపార్ట్‌మెంట్ కాబట్టి మీ కారు ఉండేది సెల్లార్లోనే కావచ్చు. మూసిన చోట ఇంజిన్ నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన కూడా ఉండదు. ప్రాణాలు పోతాయి.

కాబట్టి ఆ నాలుగు లక్షలు మైలేజీ మీదే గిట్టాలి. మామూలు కారు లీటరుకు 15, హైబ్రిడ్ 22 ఇస్తాయనుకుందాం. మీ 12,000 కిలోమీటర్లకు 800 లీటర్ల బదులు 545 చాలు. లీటరు 109 అనుకుంటే ఏడాదికి మిగిలేది దాదాపు 27,800. నాలుగు లక్షలకు 9 శాతం వడ్డీతో ఐదేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ 8,300, మొత్తం కట్టేది 4.98 లక్షలు. అది రాబట్టడానికి పద్దెనిమిదేళ్లు! అన్నాళ్లు ఆ కారు ఉంచుతారా? రోజూ అనకాపల్లి వెళ్లొచ్చే ఉద్యోగమై ఏడాదికి 25,000 తిరిగేవారైతే తొమ్మిదేళ్లలోపే వచ్చేస్తుంది, అప్పుడు నా జవాబు వేరేలా ఉండేది.

కరెంటు సంగతి విడిగా చూసుకోండి. సైన్‌వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ కలిపి పాతిక వేల చుట్టూ అవుతాయి. లోన్ పెట్టొద్దు, చేతి డబ్బుతోనే కొనండి. రెండు ఫ్యాన్లు, లైట్లు, వైఫై ఐదారు గంటలు నడుస్తాయి. ఫ్రిజ్‌ను మధ్యమధ్యలో గంటసేపు వేసుకుంటే చాలు. వాడుతున్న ఇన్సులిన్‌ను ఫ్రిజ్ బయట ఎన్నాళ్లు ఉంచొచ్చో ఇప్పుడే డాక్టరుగారిని అడిగి పెట్టుకోండి. మట్టికుండ చల్లదనం కూడా చిన్నదేం కాదు.

డాబా మీద సోలార్ పెడితే పోదా అంటారేమో. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉన్న మాట నిజమే. కానీ గ్రిడ్‌కు, అంటే కరెంటోళ్ల లైన్‌కు, కలిపిన మామూలు సోలార్ లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా కట్టారు. అది బిల్లు తగ్గించుకోవడానికి, తుపానుకు కాదు.

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. హుద్‌హుద్ రోజుల్లో ఖాతాలో లక్షలున్నా ఏటీఎంలు పలకలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంట్లో పదివేలు ఉంచండి, వంద, యాభై నోట్లుగా. పాలవాడి దగ్గర ఐదొందలకు చిల్లర దొరకదు.