మాటర్‌హార్న్ ఊరికి సామాను సర్దేముందు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు జ్యూరిక్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. సెప్టెంబరు రెండో వారంలో మమ్మల్ని ఆల్ప్స్ పర్వతాల్లోని జెర్మాట్ అనే ఊరికి నాలుగు రోజులు తీసుకువెళ్తామంటున్నారు. నాకు 61, మావారికి 66 ఏళ్లు. చలి అంటే మాకు అరకులో చూసిన డిసెంబరు చలే తెలుసు. బంధువులందరూ లావుపాటి కోట్లు కొనుక్కోమంటున్నారు. నేను చీరలే కడతాను. ఏమేం తీసుకువెళ్లాలో, ఏవి అక్కర్లేదో వివరంగా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, కోటు సంగతి చెప్పేముందు పెట్టె సంగతి చెప్పాలి. జెర్మాట్‌లోకి పెట్రోలు, డీజిలు కార్లను రానివ్వరు. సొంత కారులో వచ్చేవారు అయిదు కిలోమీటర్ల కింద ఉన్న టాష్ అనే ఊళ్లో దాన్ని వదిలి, అక్కడి నుంచి రైలెక్కాలి. మీరు జ్యూరిక్ నుంచి రైల్లోనే వెళ్తే రెండు గంటల్లో విస్ప్ అనే ఊరు చేరి, అక్కడ కొండ రైలుకు మారాలి. ఆ మార్పుకు దొరికే వ్యవధి కొద్ది నిమిషాలే. మన స్టేషన్లలోలాగా పెట్టె అందుకోవడానికి కూలీలు ఉండరు. ఊళ్లో చిన్న చిన్న విద్యుత్ టాక్సీలు తిరుగుతాయి గానీ, చాలామంది హోటలుదాకా పెట్టె లాక్కుంటూ నడిచే వెళ్తారు. అందుచేత పెద్ద సూట్‌కేసులు జ్యూరిక్‌లో అమ్మాయి ఇంట్లోనే ఉంచి, నాలుగు రోజులకు సరిపడే సామాను మనిషికొక చిన్న పెట్టెలో సర్దుకోండి. సర్దడం పూర్తయ్యాక ఆ పెట్టెను చేత్తో పట్టుకుని, ఎవరి సాయం లేకుండా మీ మేడమెట్లు ఒకసారి ఎక్కి చూడండి. ఎక్కలేకపోతే అందులో ఏదో ఎక్కువైందని అర్థం.

ఇక చలి. జెర్మాట్ ఊరు సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. మీరు తప్పక చూడబోయే గోర్నర్‌గ్రాట్ శిఖరానికి 1898 నుంచి పళ్లచక్రాల రైలు నడుస్తోంది. అది అరగంటకు కాస్త పైగా సమయంలో మిమ్మల్ని 3,089 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. తీగమార్గంలో (రోప్‌వే) క్లైన్ మాటర్‌హార్న్ అనే మరో శిఖరానికి వెళ్తే ఎత్తు 3,883 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత సగటున ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఊళ్లో 15 డిగ్రీల హాయైన ఎండ కాస్తున్న పూటే గోర్నర్‌గ్రాట్ మీద అయిదారు డిగ్రీలు, క్లైన్ మాటర్‌హార్న్ దగ్గరి హిమానీనదం మీద సున్నా ఉండవచ్చు. దానికి గాలి తోడైతే ఒంటికి తెలిసే చలి ఇంకా ఎక్కువ. ఇవన్నీ ఒకే రోజు, కొద్ది గంటల తేడాలో అనుభవంలోకి వస్తాయి.

ఇందువల్లనే లావుపాటి కోటు ఒక్కటి కొనుక్కోవడాన్ని నేను సమర్థించలేను. ఊళ్లో దాన్ని చేతిమీద మోయాలి, పది నిమిషాలు ఎగువకు నడిస్తే లోపలంతా చెమట పడుతుంది, విప్పితే వణుకు పుడుతుంది. దానికి బదులు మూడు పొరలుగా ఆలోచించండి. ఒంటిని అంటుకుని ఉండే మొదటి పొర సన్నటి ఉన్ని థర్మల్ గానీ, చెమటను బయటికి పంపే కృత్రిమ దారపు థర్మల్ గానీ కావాలి. దానిమీద మెత్తటి ఫ్లీస్ లేదా స్వెట్టరు. అన్నిటికీ పైన గాలిని, వానను ఆపే పలుచని జాకెట్. చలికాలంలో మన ఊళ్లలో ఫుట్‌పాత్‌ల మీద టిబెటన్లు అమ్మే స్వెట్టర్లు రెండో పొరగా చక్కగా పనికొస్తాయి. కానీ అవి గాలిని ఆపవు కనుక పై జాకెట్ లేకుండా వాటిని నమ్ముకోవద్దు.

ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. కొండమీదికి వెళ్లే రోజు నూలు బనియను, నూలు మేజోళ్లు వేసుకోవద్దు. మన ఎండలకు అమృతం లాంటి నూలు అక్కడ శత్రువవుతుంది. అది చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, నీరేమో గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. నేను మొదటిసారి ఆల్ప్స్‌కు వెళ్లినప్పుడు స్వెట్టరు కింద నూలు బనియన్లే వేసుకుని, శిఖరం మీద పావుగంట నిలబడలేక రైలు పెట్టెలోకి తిరిగి వచ్చేశాను. ఎదురుగా ఆ ఊరికి పేరు తెచ్చిన మాటర్‌హార్న్ శిఖరం మబ్బు లేకుండా నిలిచి ఉన్న ఆ ఉదయాన్ని అలా పోగొట్టుకున్న బాధ ఇప్పటికీ ఉంది.

చీర గురించి మీరు అడిగినందుకు సంతోషం. ఊళ్లో తిరిగేటప్పుడు, హోటల్లో భోజనానికి దిగేటప్పుడు నిశ్చింతగా చీర కట్టుకోండి. లోపల థర్మల్ ప్యాంటు, ఉన్ని మేజోళ్లు ఉంటే చలి ఆగుతుంది. కొండ రోజుల్లో మాత్రం చుడీదార్ గానీ ప్యాంటు గానీ వేసుకోవాలన్నది నా అభిప్రాయం. కదులుతున్న తీగబండిలోకి అడుగుపెట్టాలన్నా, రాళ్లబాటలో దిగాలన్నా కుచ్చిళ్లు కాలికి అడ్డుపడతాయి. ఈ వయసులో పడితే మణికట్టు విరుగుతుందనే భయంతో చెబుతున్నాను, చీర మీద చిన్నచూపుతో కాదు.

బూట్లు ఇక్కడే, ఇప్పుడే కొనండి. అడుగుభాగం గరుకుగా, చీలమండను పట్టి ఉంచేలా ఉండాలి. ఉన్ని మేజోడు తొడిగాక కూడా వేళ్లు కదలాలి. రోజూ ఉదయపు నడకకు అవే వేసుకుని మూడు నాలుగు వారాలు మచ్చిక చేసుకోండి. గోర్నర్‌గ్రాట్ రైలు దారిలోని రోటెన్‌బోడెన్ స్టేషన్లో దిగి కాస్త కిందికి నడిస్తే రిఫెల్ సరస్సు వస్తుంది. గాలి లేని ఉదయం మాటర్‌హార్న్ ఆ నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడిదాకా బొబ్బలెక్కిన కాళ్లతో వెళ్లడం దండన.

చలి మాటే వింటాం గానీ ఎండ మాట ఎవరూ చెప్పరు. ఎత్తుకు వెళ్లేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం చొప్పున పెరుగుతుంది. తాజా మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మొహం మీదికే కొడుతుంది. మన రంగువారికి సన్‌స్క్రీన్ అక్కర్లేదనుకోవడం పొరపాటు. 50 ఎస్‌పీఎఫ్ సన్‌స్క్రీన్, పెదవులకు వాజిలైన్, అతినీలలోహిత కిరణాలను పూర్తిగా ఆపే నల్లకళ్లద్దాలు తప్పనిసరి. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి వస్తే చాలు గడ్డకడుతుంది కాబట్టి సన్నమూతి సీసాలో కాకుండా వెడల్పు మూత డబ్బాలో పోసుకోండి.

మీవారికి రక్తపోటు గానీ గుండెజబ్బు గానీ ఉంటే 3,883 మీటర్ల శిఖరం ఎక్కవచ్చో లేదో ఇక్కడి వైద్యుణ్నే ముందుగా అడగండి. తీగబండి త్వరగా పైకి చేర్చడంవల్ల ఒంటికి అలవాటుపడే వ్యవధి ఉండదు. మందులన్నీ చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి. స్విట్జర్లాండ్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా చేయిస్తారు కదా, అందులో కొండల మీద హెలికాప్టర్‌తో కాపాడే ఖర్చు చేరిందో లేదో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మేము డిసెంబరు చివరలో అదే ఊరికి వెళ్తున్నాం. పిల్లలు మంచులో ఆడుకుంటారు, స్కీయింగ్ నేర్చుకుంటారు. దానికి కావలసిన దుస్తులన్నీ కొనాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కొనవద్దు. స్కీలు, బూట్లు, హెల్మెట్ జెర్మాట్ దుకాణాల్లో అద్దెకు ఇస్తారు. మీరు తీసుకువెళ్లవలసినవి థర్మళ్లు రెండేసి జతలు, చెవులు మూసే టోపీ, నీరు పట్టని చేతొడుగులు. పిల్లలకు చేతొడుగులు రెండు జతలు ఉండాలి. తడిసిన జత ఆరేలోపు రెండోది కావాలి.

ప్రశ్న: ఆవకాయ, నెయ్యి, కరివేపాకు, ఎలక్ట్రిక్ కుక్కర్ స్విట్జర్లాండ్‌కు తీసుకువెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆవకాయ తీసుకువెళ్లండి. అయితే నూనె పచ్చడిని విమానంలో చేతిసంచిలో పెట్టనివ్వరు కనుక గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, రెండు కవర్లు చుట్టి చెకిన్ పెట్టెలో ఉంచాలి. నెయ్యి కుదరదు. ఐరోపా బయటి దేశాల నుంచి పాల పదార్థాలను, మాంసాన్ని ప్రయాణికులు వెంట తేవడాన్ని స్విట్జర్లాండ్ నిషేధించింది. కోవా మిఠాయిలు, కోడిమాంసం పచ్చడి కూడా ఈ నిషేధంలోకే వస్తాయి. పచ్చి కరివేపాకుకూ అనుమతి లేదు, దానికి బదులు కరివేపాకు పొడి, కందిపొడి, పప్పులపొడి చేసుకోండి. వేడి అన్నం దొరికితే చాలు, పూట గడిచిపోతుంది.

కుక్కర్ విషయానికొస్తే, చాలా హోటళ్లు గదుల్లో వండనివ్వవు. వండుకునే ఉద్దేశం ఉంటే వంటగది ఉన్న అపార్టుమెంటు తీసుకోవడం మంచిది. కరెంటు మనలాగే 230 వోల్టులే గానీ, మన మూడు గుండ్రటి కాళ్ల ప్లగ్ అక్కడి సాకెట్‌లో పట్టదు. స్విట్జర్లాండ్ సాకెట్ లోపలికి గుంటగా, ఆరు మూలలతో ఉంటుంది. జర్మనీకోసమని అమ్మే గుండ్రటి దిమ్మ అడాప్టర్ కూడా అందులో దూరదు. అడాప్టర్ కొనేటప్పుడు స్విట్జర్లాండ్‌కు పనికొచ్చేదేనని అడిగి మరీ తీసుకోండి. సన్నటి రెండు కాళ్లున్న ఫోన్ చార్జర్‌కు మాత్రం ఏ అడాప్టరూ అక్కర్లేదు.