సైకిల్ కొత్త చక్రంపై క్యాసెట్ కదలడానికి కారణం, పరిష్కారం

లాక్‌రింగ్‌ను (క్యాసెట్‌ను పట్టి ఉంచే మరల రింగును) ఎంత బిగించినా మీ పాత 9 స్పీడ్ షిమానో క్యాసెట్ (వెనుక పళ్లచక్రాల వరుస), 11 స్పీడ్ రోడ్ హబ్ (చక్రం మధ్య భాగం) ఉన్న కొత్త వెనుక చక్రంపై కదులుతూనే ఉందని రాశారు. లోపం క్యాసెట్‌ది కాదు. ఆ హబ్‌పై క్యాసెట్ ఎక్కే భాగమైన ఫ్రీహబ్ పాతదానికంటే 1.85 మిల్లీమీటర్లు పొడవైనది కావడం వల్ల, లాక్‌రింగ్ పళ్లచక్రాలను గట్టిగా నొక్కకముందే ఫ్రీహబ్ అంచుకు తగిలి ఆగిపోతోంది.

క్యాసెట్ విప్పి, 1.85 మిల్లీమీటర్ల మందమున్న స్పేసర్‌ను (ఖాళీని పూరించే రింగును) ముందుగా చువ్వల వైపు వేయండి. ఫ్రీహబ్ గాళ్లలో ఒకటి వెడల్పులో వేరుగా ఉంటుంది కనుక, పళ్లచక్రాలను దానికి సరిపెట్టి మాత్రమే ఎక్కించాలి. దయచేసి సుత్తి వాడకండి. లాక్‌రింగ్ మరలకు కాస్త గ్రీజు రాసి, మొదట చేత్తో తిప్పి, తర్వాత బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో 40 న్యూటన్ మీటర్లకు బిగించండి (బిగించేటప్పుడు పళ్లచక్రాలను తిరగకుండా పట్టే చైన్ విప్ అవసరం లేదు). చివర్లో వినిపించే కరకర శబ్దం సహజమైనదే.

తొక్కేముందు గేర్లు మార్చే డిరైలర్ కదలికకు హద్దు పెట్టే లిమిట్ స్క్రూలను తప్పక సరిచూడండి. చైన్ చువ్వల్లో పడితే ప్రమాదం.