మెదడుకు సోకే వైరస్ జబ్బుల మీద పరిశోధన చేసే వైద్యుడు కావాలంటే ఏ దారిన వెళ్లాలి?

మీరు ఎంబీబీఎస్ మూడో ఏడాదిలో ఉన్నారనీ, మెదడుకూ నరాలకూ సోకే వైరస్ జబ్బుల మీద పనిచేయాలని ఉందనీ, అందుకు రోగులను చూడటం మానుకొని వైరాలజీ ప్రయోగశాలలో చేరడం మంచిదా, న్యూరాలజీ చదవడం మంచిదా అనీ అడిగారు. విశాఖపట్నంలోనే చదువుకొని, న్యూరాలజీ చేసి, చాలా ఏళ్లుగా ఇక్కడి వార్డుల్లో ఉంటూనే మెదడువాపు మీద కొంత పరిశోధన చేస్తున్నవాణ్ణి కనుక నా మొగ్గు ఎటువైపో ముందే చెబుతాను. వార్డును వదలకండి.

ఈ రంగంలో అన్నిటికన్నా చిక్కైన ప్రశ్న ఒకటుంది. మెదడు దెబ్బతిన్నది వైరస్ వల్లనా, వైరస్‌ను తరమబోయిన శరీర రక్షణ వ్యవస్థ వల్లనా, లేక ఈ రెంటితో సంబంధం లేని మరో కారణం వల్లనా అన్నది తేల్చాలి. జాన్స్ హాప్కిన్స్‌లో న్యూరాలజిస్టుగా ఉంటూ ఈ శాస్త్రానికి పునాది వేసిన వారిలో ఒకరైన రిచర్డ్ జాన్సన్ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆయనా, అక్కడే పనిచేసిన వైరస్ శాస్త్రవేత్త డయాన్ గ్రిఫిన్ బృందమూ పెరూలోని లిమాలో తట్టుతో పాటు మెదడువాపు వచ్చిన రోగులను పరిశీలించి 1984లో ప్రచురించిన పనిలో, మెదడులో తట్టు వైరస్ పెరుగుతున్న ఆధారాలు దొరకలేదు; నరాల తొడుగైన మయలిన్ మీద రోగుల తెల్లకణాలే తిరగబడుతున్న జాడలు మాత్రం కనిపించాయి. తర్వాత థాయిలాండ్ వైద్యులతో కలిసి, గొర్రె మెదడుతో తయారుచేసిన సెంపుల్ రేబిస్ టీకా తీసుకున్నాక నరాల జబ్బు వచ్చిన వారిలోనూ మయలిన్ ప్రోటీన్ మీద యాంటీబాడీలు ఉన్నాయని చూపారు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచేవారని మన ఇళ్లలో పెద్దలు చెప్పుకునేది ఈ టీకా గురించే. మన దేశంలో దాన్ని 2004 చివరికి గానీ ఆపలేదు.

మన దగ్గరి ఉదాహరణలు ఇంకా ముఖ్యం. 2003 జూన్ నుంచి ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోయారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ చాందీపుర వైరస్‌ను పట్టుకుంది. అయితే ఆ పిల్లలను స్వయంగా చూసిన కొందరు వైద్యులు, స్కానింగులను బట్టి ఇది మెదడువాపు కాదు, మెదడుకు రక్తప్రసారం ఆగడం వల్ల వచ్చిందని వాదించారు. ఎవరి పక్షం తీసుకున్నా, రెండు వాదాలనూ పక్కపక్కన పెట్టుకొని చదవండి. ఏ పాఠ్యపుస్తకమూ అంత నేర్పదు. ఇక 2016లో మనకు సరిహద్దునే ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరిలో వందమందికి పైగా పిల్లలు చనిపోయినప్పుడు, కొందరిలో దోమల ద్వారా సోకే జపనీస్ మెదడువాపు రుజువైంది గానీ, మిగతావారి విషయంలో కసింద అనే మొక్క గింజల విషమే కారణమని నిపుణుల బృందం చెప్పింది. పిల్లలు ఏం తిన్నారని అడిగినవారికే అది తెలుస్తుంది.

వార్డులో పని ఎలా ఉంటుందో ఒక్కటి చెబుతాను. చోడవరం వైపు పల్లె నుంచి ఒక బాబును తీసుకొచ్చారు. "జొరం తగ్గింది గానీ గుంటడు నన్ను పోల్చట్లేదు బాబూ" అన్నది తల్లి. ఏజెన్సీ వైపు రాకపోకలున్న కుటుంబం కనుక ముందు మలేరియా పరీక్ష పంపాం. ఇక్కడ స్పృహ తప్పిన జ్వరానికి మెదడుకు ఎక్కే ఫాల్సిపారం మలేరియా కాదని తేలేదాకా మరేదీ ఖాయం చేయకూడదు. నడుము నుంచి నీరు తీస్తే కాళ్లు పడిపోతాయని తాతగారు ఒప్పుకోలేదు. ఆయన పక్కన కూర్చుని, సూది దిగేచోట వెన్నుపాము ఉండదని వేలితో చూపించి చెప్పాక తలూపారు. చుక్కచుక్కగా వచ్చే ఆ నీటిని కణాలకు ఒక సీసా, చక్కెర–ప్రోటీన్లకు ఒకటి, కల్చర్‌కు ఒకటి పట్టాక, వైరస్ పరీక్షకు నాలుగోది పట్టి వెంటనే ఐసులో పెట్టాలి. రాత్రి డ్యూటీల్లో ఎగిరిపోయేది ఎప్పుడూ ఆ నాలుగోదే. పైగా హెర్పీస్ వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష మొదటి రెండు మూడు రోజుల్లో తప్పుగా నెగటివ్ రావచ్చు. జపనీస్ మెదడువాపుకు చూసే ఐజీఎం అనే యాంటీబాడీ కూడా తొలిరోజుల్లో కనబడకపోవచ్చు. అందుకే ఫలితం కోసం ఆగకుండా హెర్పీస్ మందు అసైక్లోవిర్ మొదలుపెట్టాం. మందు అందని హెర్పీస్ మెదడువాపులో 70 శాతం దాకా చనిపోతారు. ఈ బాబుకు రెండోసారి తీసిన నీటిలో జపనీస్ ఐజీఎం పాజిటివ్ వచ్చింది, ఎమ్మారైలో మెదడు లోపలి భాగమైన థలామస్ రెండువైపులా మెరిసింది. బతికాడు గానీ ముఖంలో కదలిక తగ్గి, చేతులు బిగుసుకుపోయాయి. వరిమడి, కొంగలు, పందులు, క్యూలెక్స్ దోమ అన్న గొలుసంతా వాళ్ల ఇంటి వెనకే ఉంది.

చదువు విషయానికొస్తే, ఎండీలో జనరల్ మెడిసిన్ గానీ పిల్లల వైద్యం గానీ చేసి, తర్వాత సూపర్ స్పెషాలిటీ కోర్సైన డీఎం న్యూరాలజీ చేయండి. మానసిక, నరాల జబ్బుల జాతీయ సంస్థ అయిన బెంగళూరు నిమ్‌హాన్స్‌లో న్యూరోవైరాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది. వెల్లూరు సీఎంసీలోనూ గట్టి వైరాలజీ విభాగం ఉంది. డీఎం తర్వాత అక్కడ కొంతకాలం పనిచేస్తే ప్రయోగశాల భాష పట్టుబడుతుంది. డబ్బు, సమయం రెండూ ఇబ్బందే. ప్రైవేటు ప్రాక్టీసు చేసే తోటివారితో పోల్చుకుంటే మనసు కుదురుగా ఉండదు, ఆ మాట దాచను. వైద్యుల పరిశోధనకు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఇండియా అలయన్స్ అనే సంస్థ ఫెలోషిప్పులు ఇస్తుంది.

ఇప్పటికిప్పుడు చేయదగ్గది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి రెండు నెలల విద్యార్థి పరిశోధన పథకానికి దరఖాస్తు. పీసీఆర్ కిట్లు అడిగే పెద్ద ప్రతిపాదన రాయకండి. మీ ఆసుపత్రిలో మెదడువాపుతో చేరిన పిల్లలకు ఎన్ని గంటలకు నడుము నీరు తీశారు, ఆలోపే యాంటీబయాటిక్ పడిందా, వైరస్ పరీక్షకు సీసా వెళ్లిందా, రెండో నమూనా తీశారా అన్నవి చాలు. ఎథిక్స్ కమిటీ అనుమతి, రికార్డు గది తాళం, ఓపిగ్గా సంతకం పెట్టే గైడు ఉంటే కేస్‌షీట్లతోనే ఆ పని అయిపోతుంది.