సమాధానం: ఏడు పలకల బొమ్మలో ఆ ఏడోది ఎక్కడిది?

ఆకలికి అన్నం, దాహానికి నీళ్లు వంటి ఏడు కరుణ పనుల్ని ఒక్కో పలకలో ఒక్కటిగా చూపే పాత బొమ్మ పటాలు మీ దగ్గరున్నాయనీ, బైబిల్లో మత్తయి సువార్తలో ఆరు పనులే దొరికాయనీ, పలకలు ఫ్రేములో పొసగడం లేదనీ అడిగారు. ఆ బొమ్మ 1504లో వేసినది. హాలండ్‌లో ఆల్క్‌మార్ ఊరి సెయింట్ లారెన్స్ చర్చి కోసం వేశారు, ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉంది. చిత్రకారుడి అసలు పేరు తెలియదు, ‘ఆల్క్‌మార్ మాస్టర్’ అంటారు.

మత్తయి 25:35-36లో ఆరు పనులే ఉన్నాయన్న మీ లెక్క సరైనదే. ఏడోది, చనిపోయినవారిని పాతిపెట్టడం, తోబీతు గ్రంథం నుంచి వచ్చింది. కాథలిక్ బైబిల్లో చూడండి. ప్రొటెస్టెంట్లు వాడే తెలుగు బైబిల్లో ఆ గ్రంథమే లేదు, అందుకే మీకు దొరకలేదు.

ఎడమ నుంచి వరస ఇది: ఆకలికి అన్నం, దాహానికి నీళ్లు, బట్టలు, సమాధి, బాటసారికి బస, రోగి పరామర్శ, చెరసాల. సమాధి పలకను చివర పెట్టడం వల్లే మీ ఫ్రేము పొసగలేదు. అది నాలుగోది, సరిగ్గా నడిమధ్య ఉండాలి. గుర్తుపట్టడం తేలిక: అందులో మాత్రమే క్రీస్తు పైన ఇంద్రధనుస్సు మీద తీర్పరిగా కూర్చుని ఉంటాడు.

మిగతా ఆరింటిలో ఆయన నేల మీదే, పేదల మధ్యే ఉంటాడు. మొదటి పలకను దగ్గరగా చూడండి. వాకిట్లో రొట్టెలు పంచుతుంటే బీదజనం మూగి ఉంటారు. ఆ గుంపులోనే నిలబడి, రొట్టె వైపు కాకుండా మన వైపు చూస్తున్న ముఖం ఆయనదే. పేదలకు చేసింది ‘నాకు చేసితిరి’ అన్న మత్తయి 25:40ని ఇంత సూటిగా చూపిన బొమ్మ చాలా అరుదు.

కాబట్టి ఫ్రేము కట్టించేటప్పుడు వెనక వరస తలల్ని కత్తిరించనివ్వకండి, ఆయన ముఖం వాటిలో ఉండొచ్చు.