నియంతల పాలనలో జనం ఆ ప్రచారాన్ని నిజంగానే నమ్ముతారా?

"రోజూ టీవీలో అంత పచ్చి అబద్ధాలు చెబుతుంటే జనం ఎలా నమ్ముతారు? నమ్మకపోతే మరి ఎందుకు ఊరుకుంటారు?" అని అడిగారు. మీ ప్రశ్నలో రెండో సగమే అసలు సంగతి అనుకుంటాను. ఉద్యోగరీత్యా అలాంటి ఒక దేశంలో నాలుగేళ్లు ఉన్నాను. ఏ దేశమో రాయను. నాతో పనిచేసినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.

వెళ్లిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం, మా ఆఫీసు ఆరో అంతస్తు కిటికీలోంచి చూస్తే ఊరికి ఆ చివర నల్లటి పొగ దట్టంగా లేస్తోంది. కింద ఫైరింజన్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. అందరం లేచి వెళ్లి చూశాం. కాసేపటికి ఎవరి సీట్లో వాళ్లు వచ్చి కూర్చున్నారు. రాత్రి వార్తల్లో దాని ఊసే లేదు. నాయకుడు ఏదో ఫ్యాక్టరీ చూస్తున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు తల ఊపుతున్నారు, అంతే. మర్నాడు పక్క సీటతన్ని "నిన్న ఆ పొగ ఏమిటి?" అని అడిగాను.

"ఏ పొగ?" అన్నాడు.

నా భుజం మీదుగా తొంగి చూసినవాడు! సాయంత్రం ఇద్దరమే మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం మెల్లగా, "అలాంటివి అందరి ముందూ అడక్కు" అన్నాడు.

ముందు కోపం వచ్చింది. అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. పొగ సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఆ గదిలో మిగతావాళ్ల మనసులో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. ఎవరు పైకి చేరవేస్తారో, ఎవరు నిజంగానే ప్రభుత్వం పక్షమో, ఎవరు తనలాగే లోపల ఉడికిపోతున్నారో చెప్పడం కష్టం. సెన్సార్ కత్తిరించేది వార్తనే అయినా, తెగిపోయేది మనుషుల మధ్య మాట. పక్కవాడూ నీలాగే అనుకుంటున్నాడని నీకు తెలియకపోతే చాలు, ప్రభుత్వం పని అయిపోయినట్టే.

అందుకని నిజాన్ని దాచిపెట్టలేరని కాదు, బాగానే దాస్తారు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో రియాక్టర్ పేలింది. రెండు రోజుల తర్వాత స్వీడన్‌లోని ఒక అణు కేంద్రంలో రేడియేషన్ అలారాలు మోగి, ఇది ఎక్కడిదని వాళ్లు ఆరా తీశాకే ఆ రాత్రి సోవియట్ టీవీలో ప్రకటన వచ్చింది. అదీ నాలుగైదు వాక్యాలు. మే 1న పక్కనే ఉన్న కీవ్‌లో పిల్లాపాపలతో మేడే ఊరేగింపు మామూలుగా జరిపించారు. ఇలాంటి చోట నిజం దాస్తే దెబ్బ తగిలేది జనం ఒంటికే.

నన్ను ఎక్కువ వెంటాడేది మాత్రం ఇంకో సోవియట్ ముచ్చట. స్టాలిన్ దగ్గర రహస్య పోలీసులకు అధిపతిగా ఉన్న బేరియాను 1953 డిసెంబరులో కాల్చి చంపారు. అప్పటికే అచ్చయి ఇళ్లకు చేరిన సోవియట్ విజ్ఞాన సర్వస్వంలో ఆయన మీద పెద్ద వ్యాసం, ఫొటో ఉన్నాయి. ఏం చేశారు? చందాదారులకు కొత్త పేజీలు పోస్టులో పంపారు. పాత పేజీలు కత్తెరతోనో బ్లేడుతోనో కోసేసి ఇవి అంటించుకోండి అని సూచన. కొత్త పేజీల్లో బేరింగ్ సముద్రం గురించి చాలా వివరంగా ఉంది. నవ్వొస్తుంది గానీ, తన ఇంట్లో, తన డబ్బుతో కొన్న పుస్తకాన్ని తన చేతులతోనే కోసుకున్న మనిషిని ఊహించండి. ఆ గదిలో పోలీసు ఎవరూ లేరు.

ఇప్పుడు కత్తెర అంతగా కనబడదు. నేనున్న చోట విదేశీ వార్తల సైట్ తెరిస్తే "నిషేధించాం" అని రాదు. చక్రం తిరుగుతూ ఉంటుంది. నెట్ బాగోలేదేమో అనుకుంటాం, రెండుసార్లు చూస్తాం, విసుగొచ్చి తేలిగ్గా తెరుచుకునే లోకల్ సైట్‌కే పోతాం. దారులు లేవని కాదు, వీపీఎన్ లాంటివి నేనూ వాడాను. కానీ పొద్దంతా పనిచేసి వచ్చినవాడికి రోజూ అంత ఓపిక ఉండదు. మూడో ఏడు వచ్చేసరికి నేనే మానేశాను. ఎవరూ నన్ను ఆపలేదు.

చైనా సోషల్ మీడియాలో పోస్టులు తీసేసే తీరు మీద హార్వర్డ్ పరిశోధకులు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రభుత్వాన్ని, అధికారులను తిట్టే పోస్టులు చాలావరకు అలాగే ఉంటున్నాయట. జనం ఒకచోట గుమిగూడేలా చేసే పోస్టులు మాత్రం, అవి ప్రభుత్వాన్ని పొగిడేవైనా సరే, మాయమవుతున్నాయట. అదే బృందం తర్వాత వేసిన ఇంకో లెక్క: ప్రభుత్వం తరఫున మామూలు జనంలా రాసే పోస్టులు ఏడాదికి దాదాపు 44 కోట్ల 80 లక్షలు. అవి ఎవరితోనూ వాదించవు. గొడవ రాజుకుంటున్న సమయానికి పండగ కబుర్లు, దేశభక్తి మాటలు కుమ్మరించి దారి మళ్లిస్తాయి. తిట్టుకో, ఒంటరిగా తిట్టుకో అన్నమాట.

ఇక నమ్మేవాళ్ల సంగతి. ఉంటారు, తక్కువేం కాదు. హిట్లర్ ప్రభుత్వం 1933లోనే చవక రేడియో సెట్లు తయారుచేయించి ఇంటింటికీ చేర్చింది, 1939లో యుద్ధం మొదలవగానే విదేశీ స్టేషన్లు వినడాన్ని నేరం చేసింది. అయినా ఆ ప్రచారం బాగా పనిచేసింది అంతకుముందు నుంచే యూదుల మీద ద్వేషం ఉన్న ప్రాంతాల్లోనే అని తర్వాతి పరిశోధకులు తేల్చారు. లేని ద్వేషాన్ని పుట్టించడం కన్నా ఉన్నదాన్ని ఎగదోయడం తేలిక.

మరి ఎవరూ నమ్మని పచ్చి అబద్ధం ఎందుకు చెబుతారు? మా ఆఫీసులో జాతీయ దినోత్సవం రోజు అందరూ గ్రూపులో నాయకుడి ఫొటో, నినాదం పెట్టాలి. నలభై మంది ఒకటే ఫొటో. నేనూ పెట్టాను, ఆలస్యమైతే బాగుండదని పొద్దున్నే. నేను నమ్మానా లేదా అని ఎవరూ చూడలేదు. పెట్టానా లేదా అన్నదే చూశారు. నిజం చెప్పమంటే ఎవడైనా చెబుతాడు. తప్పని తెలిసిన మాటను నీ నోట అనిపిస్తేనే నువ్వు లొంగావని తేలేది.

ఇదంతా ఎంత గట్టిదో అంత పెళుసు కూడా. 1989 డిసెంబరు 21న రుమేనియా నియంత చౌషెస్కు తనకు మద్దతుగా బుకారెస్టులో సభ పెట్టించి, దాన్ని లైవ్‌లో చూపించాడు. గుంపులోంచి అరుపులు మొదలయ్యాయి. మాట ఆగిపోయి చెయ్యెత్తి అలా చూస్తుండిపోయిన అతని మొహం దేశమంతా చూసింది, ప్రసారం ఆపేలోపే. మర్నాడు హెలికాప్టర్లో పారిపోయాడు. 25న కాల్చి చంపారు. ఆ నిమిషంలో జనానికి ప్రభుత్వం గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు. ఒకరి గురించి ఒకరికి తెలిసింది.

నేను తిరిగొచ్చి చాలా ఏళ్లయింది. అక్కడున్నప్పుడు అమ్మ ఫోన్లో "ఏవో గొడవలంట కదా?" అంటే "ఇక్కడ వానలమ్మా" అనేవాణ్ని. అలా అనమని నాకెవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఫోన్లో రాజకీయాలు వస్తే గొంతు తగ్గిపోతుంది, మా ఆవిడ నవ్వుతుంది.

పైన ఆరో అంతస్తు అని రాశాను కదా, అది ఆరోది కాదు. రాసేటప్పుడే చెయ్యి దానంతటదే మార్చేసింది.