టెక్ సందేహాలు: స్ట్రోబ్‌లో ఏ సెల్స్ వేయాలి, ఏవి అస్సలు వేయకూడదు

అండమాన్ డైవింగ్ సీజన్ మొదలైందంటే చాలు, నాకు వచ్చే మెయిల్స్‌లో అండర్‌వాటర్ ఫొటోలు తీసేవాళ్ల గోడు పెరుగుతుంది, అందులో ఎక్కువమంది అడిగేది ఒకటే: స్ట్రోబ్ (కెమెరాకి తగిలించి నీళ్లలో వాడే ఫ్లాష్) రెండో డైవ్‌కే డీలా పడుతోంది, ఇంకా ఎక్కువ ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్లు, సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె) ఉన్న సెల్స్ ఏవో చెప్పండి. స్ట్రోబ్ ఎందుకు వాడాలి, ఓ-రింగ్‌కి (నీళ్లు రాకుండా మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు) గ్రీజు ఎంత రాయాలి లాంటివి డైవ్ సెంటర్ వాళ్లు బాగానే నేర్పుతారు, వాటిని వదిలేస్తున్నాను. బ్యాటరీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏవైనా పర్లేదు" అంటున్నారట. ఆ మాట తప్పు.

నా స్ట్రోబ్‌కి నాలుగు పెన్సిల్ (ఏఏ) సెల్స్ కావాలి. కొత్త ఆల్కలైన్ వేసినా ఫుల్ పవర్‌లో ఒక షాట్ కొట్టాక రెడీ లైట్ వెలగడానికి చాలాసేపు పడుతోంది. స్ట్రోబ్ పాడైందా? 3,600 అని రాసి ఉన్న లిథియం పెన్సిల్ సెల్స్ కొనమని ఒకరు చెప్పారు, కొనొచ్చా? (విశాఖపట్నం పాఠకుడు)

స్ట్రోబ్ బాగానే ఉంది, తప్పంతా సెల్స్‌ది. ఫ్లాష్ కొట్టగానే లోపలి కెపాసిటర్‌ని మళ్లీ 300 వోల్టుల దాకా నింపుకోవాలి, దానికోసం స్ట్రోబ్ కొన్ని ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా గుంజుతుంది. గోడ గడియారానికో రిమోట్‌కో అంత అక్కర్లేదు కాబట్టి అక్కడ ఆల్కలైన్ నిక్షేపంగా పనిచేస్తుంది. ఇక్కడ చేయదు. ఆల్కలైన్ సెల్ కొత్తదైనా దాని లోపలి నిరోధం 150 మిల్లీఓమ్‌ల పైనే ఉంటుంది, నాలుగూ వరసలో ఉంటే 600. ఐదు ఆంపియర్లు గుంజితే లోపలే మూడు వోల్టులు పోతాయి, ఆరు వోల్టులు ఉన్నాయనుకున్న చోట మూడే మిగులుతాయి. అదే మంచి ఎన్ఐఎంహెచ్ (నికెల్-మెటల్ హైడ్రైడ్) రీఛార్జబుల్ సెల్‌కైతే ఆ నిరోధం 30 చుట్టుపక్కల ఉంటుంది. నాలుగింటికీ కలిపి మొదట్లో 4.8 వోల్టులే అయినా, ఐదు ఆంపియర్లు గుంజుతున్నప్పుడు కూడా 4.2 నిలుస్తుంది. మీద 1.5 అని రాసిన సెల్ కంటే 1.2 అని రాసిన సెల్‌తో రెడీ లైట్ తొందరగా వెలిగేది ఇందుకే.

ఇక ఆ 3,600 సంగతి. పక్కన చిన్న అక్షరాల్లో ఏం రాశారో చూడండి, అది ఎంఏహెచ్ కాదు, ఎండబ్ల్యూహెచ్, అంటే మిల్లీవాట్ అవర్లు. 1.5తో భాగిస్తే 2,400 ఎంఏహెచ్ వస్తుంది. రాసింది అబద్ధమని అనను, కానీ పక్కనున్న 2,000 ఎంఏహెచ్ సెల్‌తో పోల్చుకుని జనం పొరబడాలనే ఆ అంకెను అంత పెద్దగా వేస్తున్నారు, ఈ పద్ధతి నాకు అస్సలు నచ్చదు. పైగా ఆ సెల్ లోపల ఉన్నది 3.7 వోల్టుల లిథియం, దాన్ని 1.5కి దించే చిన్న సర్క్యూట్ ఒకటి. ఆ సర్క్యూట్ ఒక హద్దు దాటి కరెంటు ఇవ్వదు, స్ట్రోబ్ గుంజితే వెనక్కి తగ్గుతుంది, లేదంటే కాసేపు కట్ అయిపోతుంది. చివరిదాకా 1.5 చూపిస్తూనే ఉండి ఉన్నట్టుండి సున్నా అవుతుంది. ఎన్ఐఎంహెచ్ అయితే రెడీ లైట్ నెమ్మదించి ముందే చెబుతుంది, దీంట్లో ఆ హెచ్చరిక కూడా ఉండదు.

దీనికంటే భయపెట్టేది ఇంకొకటుంది. 14500 అనే లిథియం సెల్ అచ్చం పెన్సిల్ సెల్ సైజే: 14 మిల్లీమీటర్ల మందం, 50 మిల్లీమీటర్ల పొడవు. మీ స్ట్రోబ్‌లో హాయిగా పట్టేస్తుంది. ఫుల్ ఛార్జ్‌లో ఒక్కొక్కటి 4.2 వోల్టులు, నాలుగు కలిస్తే 16.8. ఆరు వోల్టులకు తయారైన సర్క్యూట్‌కి అంత ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒకే సైజులో 1.2, 1.5, 3.7 వోల్టుల సెల్స్ అమ్మనిచ్చిన ఈ పరిశ్రమ, తప్పు సెల్ వేసినా స్ట్రోబ్ బతికేలా ఒక రక్షణ సర్క్యూట్ పెట్టడానికి మాత్రం వెనకాడుతోంది. నికెల్-జింక్ సెల్స్ కూడా ఇలాంటివే. మీద 1.6 అని రాస్తారు, ఛార్జర్ నుంచి తీసినప్పుడు 1.8 దాటుతాయి. స్ట్రోబ్ త్వరగా రీసైకిల్ అవుతోందని, అంటే తర్వాతి ఫ్లాష్‌కి సిద్ధమవుతోందని మురిసిపోయేవాళ్లు ఉన్నారు, మీ స్ట్రోబ్ మాన్యువల్‌లో ఆ పేరు స్పష్టంగా అనుమతించి ఉంటే తప్ప వాటి జోలికి పోవద్దు.

మీరు కొనాల్సింది సాదాసీదా 2,000 ఎంఏహెచ్ ఎన్ఐఎంహెచ్ సెల్స్, అందులోనూ అల్మరాలో ఊరికే ఉన్నా ఛార్జ్ నిలుపుకునే రకం. 2,500 రకం కూడా దొరుకుతుంది, కానీ ఎక్కువ నింపడం కోసం ఆయుష్షు తగ్గించేస్తారు: మామూలు రకానికి 2,000 దాటి ఛార్జ్ సైకిళ్లు చెప్పే చోట దీనికి 500 చెబుతారు. కాస్త లావుగా కూడా ఉంటుంది, వేడెక్కాక స్ట్రోబ్‌లో సెల్స్ పట్టే గొట్టంలో ఇరుక్కుంటే బయటికి లాగలేక అవస్థ. 3,000 దాటిన అంకె రాసిన ఎన్ఐఎంహెచ్ పెన్సిల్ సెల్‌ని నమ్మొద్దు. 18650 అనే లావుపాటి లిథియం సెల్ వాడే స్ట్రోబ్, టార్చ్ ఉన్నవాళ్లకీ ఇదే మాట. మంచి 18650 అంటే 3,500 ఎంఏహెచ్ చుట్టుపక్కల, బరువు 45 గ్రాముల పైన. 9,900 అని రాసి ఉన్నదాన్ని కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూడండి, 30 గ్రాములు చూపిస్తే లోపలేముందో మీకే అర్థమవుతుంది.

ఇంకో మాట. రుషికొండ దగ్గర నీళ్లు మసగ్గా ఉన్న రోజున ఫుల్ పవర్ కొడితే ఎదురుగా ఉన్న మడ్డి మొత్తం తెల్లటి చుక్కలుగా ఫొటోలోకి వచ్చేస్తుంది. స్ట్రోబ్‌లను కెమెరాకి దూరంగా జరిపి, పావు పవర్‌లో దగ్గర నుంచి తీయండి. ఒక్క ఛార్జ్‌కి దాదాపు నాలుగింతల ఫ్లాష్‌లు వస్తాయి, సెల్స్ సమస్యలో సగం అక్కడే తీరిపోతుంది.

డైవ్ అయ్యాక స్ట్రోబ్ బ్యాటరీ మూత తిప్పుతుంటే టప్‌మని పేలినట్టు శబ్దం వచ్చి గాలి బయటికి తన్నింది. నీళ్లేమీ లేవు. ఓ-రింగ్ మార్చాలా? (హైదరాబాద్ పాఠకురాలు)

ఈ వారం వచ్చిన వాటిలో నాకు టెన్షన్ పెట్టింది ఈ మెయిలే. ఓ-రింగ్ లీకైతే లోపలికి నీళ్లొస్తాయి, గాలి బయటికి తన్నదు. సెల్స్ లోపల గ్యాస్ పుట్టి, దాన్ని అవి బయటికి వదిలాయి, అంటే హైడ్రోజన్ అయ్యుండొచ్చు. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత కలిసినా అంటుకునే గ్యాస్ అది, అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు. స్ట్రోబ్ అంటేనే లోపల స్ప్రింగ్ కాంటాక్టులు, 300 వోల్టుల సర్క్యూట్. ఇంట్లో టార్చ్‌లో ఇదే జరిగితే గ్యాస్ సందుల్లోంచి పోయేది, డైవ్ గేర్‌లో సందే ఉండదు కదా, నీళ్లు రాకుండా బిగించిన మూతే గ్యాస్‌నీ లోపల ఆపుతుంది.

ఎందుకొచ్చిందంటే, చాలావరకు ఒక సెల్ మిగతా మూడింటి కంటే ముందే ఖాళీ అవడం వల్ల. నాలుగూ వరసలో ఉంటాయి కాబట్టి ఖాళీ అయినదానిలోంచి కూడా మిగతా మూడూ కరెంటు నెట్టుకుంటూ పోతాయి, అది తిరగబడుతుంది, ప్లస్ మైనస్ తారుమారై లోపల హైడ్రోజన్ పుట్టడం మొదలవుతుంది. పాత సెల్స్‌లో రెండు, కొత్తవాటిలో రెండు కలిపి వేసినా, రెండు కంపెనీలవి కలిపినా, మూడు నిండుగా ఒకటి సగంగా ఉన్నా ఇదే గతి. స్ట్రోబ్ ఆఫ్ చేయకుండా బ్యాగులో పడేసి మర్నాడు పొద్దున తీయడం కూడా ఇదే దారి. ఆన్-ఆఫ్ గుండ్రటి డయల్ ఉన్న స్ట్రోబ్‌లు బ్యాగులో రాసుకుని వాటంతటవే ఆన్ అవుతాయి, రాత్రి సెల్స్ తీసేయడమే దీనికి మందు. బాగా వేడెక్కిన సెల్స్‌ని ఛార్జర్ నుంచి తీసిన వెంటనే లోపల వేసి మూత బిగించడం కూడా మంచిది కాదు, అవి చల్లారాలి.

కాబట్టి నాలుగేసి సెల్స్‌ని ఒక సెట్ చేసుకుని, స్కెచ్ పెన్‌తో ఒక్కో సెల్ మీద ఏ1, ఏ2, ఏ3, ఏ4 అని రాసుకోండి, ఇంకో సెట్‌కి బీ. కలిసే కొనాలి, కలిసే ఛార్జ్ చేయాలి, కలిసే తీసేయాలి. ఇంట్లో చిన్న మల్టీమీటర్ ఉంటే డైవ్ తర్వాత ఒక్కోటి కొలవండి. మూడు 1.25 దగ్గరుండి ఒకటి మాత్రం 1.02 చూపిస్తోందంటే మీ దొంగ అదే. దాన్ని రిమోట్‌లో వేసుకోండి, స్ట్రోబ్‌లోకి మళ్లీ రానివ్వొద్దు.

మూత తీసేటప్పుడు స్ట్రోబ్‌ని మంచినీళ్లలో కడిగి, తుడిచి, గొట్టం మూతి మీ ముఖానికీ పక్కవాళ్లకీ ఎదురుగా లేకుండా పట్టుకుని, నెమ్మదిగా కొంచెం కొంచెంగా తిప్పండి. గాలి పోతున్న శబ్దం వస్తే ఆగండి, అది పూర్తిగా పోయాక మిగతా చుట్లు తిప్పండి. నీళ్లే లోపలికి వెళ్లి ఉంటే ఇంకా జాగ్రత్త, ఉప్పునీళ్లలో బ్యాటరీ కరెంటు పారితే హైడ్రోజన్‌తో పాటు క్లోరిన్ కూడా పుడుతుంది, అలాంటి స్ట్రోబ్‌ని మూసిన కారులోనో హోటల్ గదిలోనో తెరవకూడదు. ఆరుబయట తెరిచి, సెల్స్ తీసి పారేసి, గొట్టాన్ని మంచినీళ్లతో కడగండి. ఒత్తిడి పెరిగితే తనంతట తనే వదిలే చిన్న వాల్వ్ కొన్ని స్ట్రోబ్‌లకు ఉంటుంది. కొత్తది కొనేటప్పుడు వెలుతురు ఎంత ఇస్తుందో అడిగే ముందు ఆ వాల్వ్ ఉందా లేదా అని అడగండి.

గంటలో ఛార్జ్ అయ్యే ఛార్జర్ ఏది? లైవ్‌అబోర్డ్ (రాత్రుళ్లు కూడా అందులోనే ఉండే డైవ్) బోటులో రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకోవచ్చా? (ఖమ్మం పాఠకుడు)

గంట ఛార్జర్ వద్దు, సెల్స్ చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. నాలుగు గదులూ దేనికది విడిగా చూసుకునే ఛార్జర్ కొనండి, ఒక్కో సెల్‌కి అర ఆంపియర్ నుంచి ఒక ఆంపియర్ ఇచ్చేది. ఒక ఆంపియర్ దగ్గర 2,000 సెల్ రెండు గంటలు దాటి కాస్తలో నిండుతుంది. సెల్ నిండగానే దాని వోల్టేజీ కొన్ని మిల్లీవోల్టులు కిందికి జారుతుంది, ఛార్జర్ ఆ జారుడు పసిగట్టి ఆపాలి. జతగా రెండేసి సెల్స్ ఛార్జ్ చేసేవాటిలో ఒకదాని జారుడు రెండోదాని వెనక దాక్కుంటుంది. కరెంటు మరీ తక్కువైతే జారుడు కనిపించనే కనిపించదు. యూఎస్‌బీ ఛార్జర్లలో ఒక మోసం ఇక్కడే ఉంది, డబ్బా మీద ఒక ఆంపియర్ అని రాసి, నాలుగూ వేయగానే అందులో సగానికో ఇంకా కిందికో పడిపోతాయి. నాలుగూ వేస్తే ఎంత అని చిన్న అక్షరాల్లో వెతికి కొనండి. సెల్స్ ప్యాక్‌తో ఉచితంగా ఇచ్చి "రాత్రంతా పెట్టండి" అనే ఛార్జర్‌కి ఆపడమే తెలియదు.

ఇక రాత్రి పెట్టి పడుకోవడం: వద్దు. లిథియం అయితే అస్సలు వద్దు. 2019 సెప్టెంబరు 2 తెల్లవారుజామున కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్ ద్వీపం దగ్గర లంగరేసి ఉన్న కన్సెప్షన్ అనే డైవ్ బోటు తగలబడింది. కింది బంకుల్లో చిక్కుకుపోయిన 33 మంది ప్రయాణికులు, సిబ్బందిలో ఒకరు, మొత్తం 34 మంది చనిపోయారు. నిప్పు దేనివల్ల రాజుకుందో అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చలేకపోయింది, కానీ మంటలు మొదలయ్యాయని ఆ బోర్డు భావించిన పై గదిలోనే అందరి ఫోన్లూ కెమెరాలూ లైట్లూ ఛార్జింగ్‌లో ఉన్నాయి, రాత్రి మెలకువగా తిరుగుతూ చూసే మనిషి లేడు. కొద్ది రోజుల్లోనే అక్కడి కోస్ట్ గార్డ్, ఎవరూ చూడని ఛార్జింగ్‌నీ, ఎక్స్‌టెన్షన్ బాక్సుల అతి వాడకాన్నీ తగ్గించమని బోట్లవాళ్లకి రాసింది. మన దగ్గర ఏ డైవ్ సెంటర్‌లోనైనా ఛార్జింగ్ బల్ల ఒకసారి చూడండి, ఒకే బోర్డుకి మూడు బాక్సులు, తడి చేతులు, పక్కనే ఆరేసిన తువ్వాళ్లు.

ఈ తప్పు మీ ఒక్కరిదే అనను. ఒక బ్యాటరీ నిండిందని చెప్పే ఆకుపచ్చ లైట్, అసలు ఛార్జింగే మొదలు కానప్పుడు కూడా వెలిగే ఛార్జర్లు అమ్ముతున్నారు. స్ట్రోబ్ గొట్టం అడుగున నల్ల ప్లాస్టిక్ మీద నల్లగానే ప్లస్ మైనస్ గుర్తులు వేస్తారు, తెల్లవారుజామున బోటు మీద వాటిని చూడటానికి ఇంకో టార్చ్ కావాలి. తిరగేసి వేసిన సెల్ కాంటాక్ట్‌ని తాకకుండా ప్లస్ వైపు చిన్న గుంత పెడితే పైసల ఖర్చు, అది కూడా పెట్టరు. ఈమధ్య పెన్సిల్ సెల్స్ తీసేసి సొంత లిథియం ప్యాక్ పెడుతున్నారు. త్వరగా రీసైకిల్ అవుతుంది, తప్పు సెల్ వేసే వీలుండదు, ఆ మేరకు మంచిదే, కానీ ఐదేళ్ల తర్వాత ఆ ప్యాక్ దొరుకుతుందని ఎవరూ రాసివ్వరు. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో ప్యాక్ పోతే ట్రిప్ పోయినట్టే. పెన్సిల్ సెల్స్ అయితే పక్క డైవర్‌ని అడిగి తెచ్చుకోవచ్చు, అవి ఏ రకమో, నాలుగూ ఒకే సెట్టో కాదో అడిగి మరీ.

మీ ప్రశ్నకి మిగిలింది ప్రయాణం. విడి లిథియం సెల్స్, ప్యాక్‌లు చేతి బ్యాగులోనే పెట్టాలి, చెక్-ఇన్‌లో పెడితే తీయించేస్తారు. 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. ఎన్ఐఎంహెచ్ ఎందులోనైనా వెళ్తాయి, ఒకదానికొకటి తగలకుండా నాలుగేసి పట్టే ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టండి. స్ట్రోబ్‌లోంచీ డైవ్ టార్చ్‌లోంచీ సెల్స్ తీసేసి, ఓ-రింగ్ ఉన్న మూత బిగించకుండా వదులుగా ఉంచండి. దీవిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, అందుకని మూడు సెట్లు తీసుకెళ్లండి, రెండు వాడటానికి, ఒకటి ఊరికే. ఛార్జింగ్ మధ్యాహ్నం మీరు లాగ్‌బుక్ రాసుకునేటప్పుడు, బల్ల మీద, కళ్లెదుట.