దుకాణం మెట్లెక్కే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

అక్టోబరు 2న నువ్వూ నీ హాస్టల్ స్నేహితురాళ్లూ కాలేజీ గేటు ఎదుట ఉన్న దుకాణాలన్నిటికీ ఊరేగింపుగా వెళ్లి, అమెరికా కంపెనీల కూల్‌డ్రింకులూ చిప్సూ అమ్మవద్దని పట్టుబట్టబోతున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నాకు మొదట గర్వం కలిగింది, ఆ వెనకే దిగులు పట్టుకుంది. నీ కోపం ఎక్కడి నుండి వచ్చిందో నాకు తెలియనిది కాదు. 2025 ఆగస్టు 7న మన సరుకు మీద 25 శాతం సుంకం వేసి, 27 నుండి దాన్ని 50 శాతం చేసిన అమెరికా ప్రభుత్వ నిర్ణయం వార్తాపత్రికలో అంకెగా కనిపించేవారికి కనిపించవచ్చు గాని, మరీ చవకగా అమ్ముతున్నామని వేసిన యాంటీ డంపింగ్ సుంకాలూ, ప్రభుత్వ రాయితీ పొందుతున్నామని వేసిన కౌంటర్‌వెయిలింగ్ సుంకాలూ ముందే మోస్తున్న రొయ్య మీద అది వచ్చి పడినప్పుడు, పట్టుబడికి సిద్ధంగా ఉన్న చెరువు గట్టున మీ నాన్న నిలబడి కొనుగోలుదారు చెప్పిన ధర వినవలసి వచ్చింది. ఆయన పక్కన నిలబడాలనుకున్న కూతురిని వద్దనడానికి నేను ఈ ఉత్తరం వ్రాయడం లేదు. ఏళ్ల తరబడి కిరాణా దుకాణం నడిపినవాడిని కనుక, గల్లాపెట్టె ఇవతలి వైపు నుండి చూస్తే ఈ పని ఎలా ఉంటుందో నీకు చెప్పాలని వ్రాస్తున్నాను.

వార్డెన్‌కు ముందుగా చెప్పండి. కరపత్రం తెలుగులో వేయండి. ఇవి నేను చెప్పనక్కరలేదు.

ఏ సరుకు ఎవరిదో మాత్రం కూర్చుని రాసుకో. మ్యాగీ స్విట్జర్లాండ్ కంపెనీది, హార్లిక్స్ ఇప్పుడు హిందుస్తాన్ యూనిలీవర్ చేతిలో ఉంది. విదేశీ పేరు కదా అని వాటిని అమెరికా జాబితాలో చేరిస్తే మొదటి దుకాణదారుడే మీ తప్పు పట్టుకుంటాడు. థమ్సప్‌ను మనదే అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 1977లో కోకాకోలా మన దేశం విడిచి వెళ్లినప్పుడు పుట్టిన పానీయం అది; 1993లో ఆ కంపెనీ తిరిగి వచ్చి థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్‌లను పార్లే వారి దగ్గర కొనేసింది. నా దుకాణంలో పిల్లలు గోల్డ్‌స్పాట్ కోసమే వచ్చేవారు, తరువాత అది రావడమే మానేసింది. పెప్సీ అమెరికాదే అయినా, శ్రీసిటీలో దాన్ని సీసాల్లో నింపేది వరుణ్ బెవరేజెస్ అనే భారతీయ కంపెనీ, అందులో పనిచేసేది మన పిల్లలు. క్యాడ్‌బరీ సంగతి ఇంకా చిక్కు. అది అమెరికా కంపెనీ మాండలీజ్‌ది, కాని మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల మధ్య కోకో వేసుకున్న రైతుకు గింజలు కొనే పెద్ద గిరాకీలలో ఆ కంపెనీ ఒకటి. గింజ ధర పడిపోయిందని 2025లో మన కోకో రైతులు రోడ్డెక్కారు. రొయ్య రైతు కోసం చేసే పని కోకో రైతు మెడకు చుట్టుకోకూడదు. నా మాట వింటే చాక్లెట్ల జోలికి పోకుండా, కూల్‌డ్రింకులతోనూ చిప్సుతోనూ మొదలుపెట్టి అక్కడే ఆగు. చిన్న జాబితాను జనం గుర్తుపెట్టుకుంటారు.

ఇక నేను నిజంగా భయపడుతున్న విషయానికి వస్తాను.

2003 మార్చిలో అమెరికా ఇరాక్ మీద యుద్ధానికి దిగినప్పుడు మా ఊళ్లోనూ కూల్‌డ్రింకుల బహిష్కరణ జరిగింది. చేసినవారు మంచి పిల్లలు, ఎవరి స్వార్థమూ అందులో లేదు. బస్టాండు పక్కన, భర్త పోయిన ఒక ఇల్లాలు బడ్డీకొట్టు నడుపుకుంటూ ఉండేది. ఎండలు ముదురుతున్నాయని, రోజువారీ వడ్డీకి అప్పు తెచ్చి, నాలుగు డబ్బులు వస్తాయన్న ఆశతో క్రేట్లకు క్రేట్లు దింపించుకుంది. ఊరేగింపు అక్కడికి వచ్చేసరికి బాగా వేడెక్కి ఉంది. క్రేట్లు బయటికి లాగి, సీసాలు మురుగుకాలువలో ఒంపి, ఖాళీ సీసాలు రోడ్డు మీద పగలగొట్టి నినాదాలు చేశారు. నేను అడ్డం వెళ్లి, ఆ సరుకుకు ఆమె డబ్బు కట్టేసిందని చెప్పాను. ఆ కేకలలో నా మాట ఎవరికి వినపడుతుంది? ఆమె కొట్టు మెట్టు మీద కూర్చుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు పేపరులో ఫోటో పడింది.

ఆ ఫోటోలో లేని లెక్క నేను చెబుతాను. కూల్‌డ్రింకు డబ్బు కంపెనీకి సరుకు దింపిన రోజునే ముట్టింది. అప్పట్లో బడ్డీకొట్లలో ఎక్కువగా గాజు సీసాలే, క్రేటుకు 24. ఒక్కొక్క సీసాకూ క్రేటుకూ దుకాణదారు డిపాజిట్టు కట్టాలి, ఖాళీ సీసా వాపసు ఇస్తేనే ఆ డిపాజిట్టు నిలుస్తుంది. వారం తిరిగేసరికి కంపెనీ వ్యాను వచ్చింది, పగిలిన సీసాలు లెక్కపెట్టారు, అంత డిపాజిట్టూ కోసుకున్నారు. అంటే కంపెనీకి పానీయం డబ్బు వచ్చింది, సీసా డబ్బూ వచ్చింది; వడ్డీవాడికి ఆమె ఆ ఎండాకాలమంతా కడుతూనే ఉంది. పిల్లలు పరీక్షల్లో పడ్డారు. ఇరాక్ యుద్ధం ఆ సీసాల వల్ల ఒక్క పూట కూడా ఆగలేదు. మే నెలలో ఆ కొట్టులో మళ్లీ అవే సీసాలు కనిపించాయి, ఎందుకంటే వచ్చిన గిరాకీ అవే అడిగింది, వాటి బదులు ఏం పెట్టుకోవాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ పిల్లలు ఆమె దగ్గరకు ముందుగా వెళ్లి, "అమ్మా, ఉన్న సరుకు అమ్ముకోండి, వ్యాను వచ్చినప్పుడు మాత్రం కొత్తది దింపించుకోకండి, బదులుగా గోలీసోడా, నిమ్మకాయ షర్బత్ పెట్టండి, రోజూ మేము వచ్చి తాగుతాం" అని చెప్పి, ఆ మాట మీద నిలబడి ఉంటే ఆమెకు నష్టం ఉండేది కాదు. రూటు వ్యాను మీద తిరిగే సేల్స్‌మన్‌కు నెలవారీ టార్గెట్టు ఉంటుంది. పది దుకాణాలు వరుసగా "ఈసారి వద్దు" అంటే ఆ వార్త సాయంత్రానికి డిపోకు, వారంలో ఆ పైవాళ్లకు చేరుతుంది. కంపెనీకి తగలవలసిన చోట తగిలేది అప్పుడే.

కాబట్టి అమ్మలూ, మీరు గాంధీ జయంతి నాడు వెళ్లే ముందే, గుంపుగా కాకుండా ఇద్దరిద్దరుగా, గిరాకీ లేని మధ్యాహ్నం పూట ఆ దుకాణాలకు వెళ్లి రండి. చేతిలో ఉన్న సరుకు ఎంత, అది అమ్ముడవడానికి ఎన్నాళ్లు పడుతుంది అని అడగండి. ఫ్రిజ్ ఎవరిదో చూడండి. కూల్‌డ్రింకు కంపెనీ బొమ్మ ఉన్న ఫ్రిజ్ చాలా చోట్ల కంపెనీ ఇచ్చిందే. అందులో తమ సరుకు తప్ప వేరేది పెట్టకూడదన్నది వాళ్ల షరతు. రామచంద్రపురంలో వందేళ్ల కిందట సోడాలతో మొదలై నేటికీ నిలబడిన మన కూల్‌డ్రింకు ఆర్టోస్‌ను తెచ్చి ఇచ్చినా, ఆ దుకాణదారుడు దాన్ని ఎక్కడ చల్లబరుస్తాడు? మీరంతా చందా వేసుకుని ఒక ఐసుపెట్టె కొని ఇవ్వండి. ప్లకార్డుల మీద పెట్టే ఖర్చు దాని మీద పెడితే అది ఏడాది పొడవునా మీ తరఫున పనిచేస్తుంది. కాంపా కూడా దేశీయమే కదా అని ఎవరైనా అంటారు. అది ఇప్పుడు రిలయన్స్ వారిది. పెద్ద కంపెనీని వదిలి మరో పెద్ద కంపెనీ దగ్గరకు వెళ్లడానికి ఇంత శ్రమ అక్కరలేదని నా అభిప్రాయం.

చిప్సుల బదులు జంతికలూ చేగోడీలూ అంటున్నావట, బాగుంది. ఇంట్లో వండి అమ్మే ఆడవాళ్లను వెతుకు, కాని వారి దగ్గర ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు ఉందో లేదో చూడు. లేకపోతే తెప్పించుకోవడానికి సాయం చెయ్యి, రేపు ఒక పిల్లకు కడుపునొప్పి వస్తే నింద మొత్తం ఆమె మీదే పడుతుంది. ఏ నూనెలో వేయిస్తున్నారో కూడా అడుగు.

నువ్వు తలపెట్టని పని ఒకటి చెబుతాను. మన ఆంధ్ర వనామీ రొయ్యలో ఎక్కువ భాగం ఓడ ఎక్కడానికే పెంచుతున్నాం, ఇంటి దగ్గర తినేది తక్కువ. మీ హాస్టల్ మెస్సులో వారానికి ఒక పూట రొయ్యల కూర పెట్టించమని మెస్ కమిటీని అడుగు. మాంసాహారం తినని పిల్లలకు ఇబ్బంది లేకుండా చూసుకోండి. మానేయడం కంటే కొనడం వల్ల మీ నాన్నకు ఎక్కువ మేలు జరుగుతుంది.

మీరు కోరేది ఏమిటో కూడా ఒక్క వాక్యంలో రాసుకోండి. 2019లో గుజరాత్ రైతుల మీద బంగాళాదుంప విత్తనం విషయంలో పెప్సీకో కేసులు వేసినప్పుడు, ఆ కేసులు వెనక్కి తీసుకునేదాకా ఆ కంపెనీ చిప్సు లేస్ కొనవద్దని రైతు సంఘాలు పిలుపునిచ్చాయి. నాలుగు వైపుల నుండి ఒత్తిడి వచ్చి, మే నెలలో కంపెనీ కేసులు ఉపసంహరించుకుంది. అక్కడ తప్పు చేసిందీ దిద్దుకోగలిగిందీ ఆ కంపెనీయే. ఇక్కడ సుంకం వేసింది ప్రభుత్వం, కంపెనీ కాదు. కనుక ఆ కంపెనీలు తమ ప్రభుత్వానికి ఏం చెప్పాలని మీరు అడుగుతున్నారో కరపత్రంలో స్పష్టంగా ఉండాలి, లేకపోతే ఎప్పుడు విరమించాలో మీకే తెలియదు.

ఒక విషయంలో మాత్రం కోప్పడుతున్నాను. మాట విననివాళ్ల దుకాణాలను వీడియో తీసి నలుగురికీ పంపుతామని అన్నావట. ఆ పని చేయవద్దు. అప్పులో ఉన్న మనిషిని, అదీ మీ పక్కనే బతుకుతున్న మనిషిని, ఊరంతటి ముందు దోషిగా నిలబెట్టే హక్కు నీకు లేదు, నాకూ లేదు. నీ చదువు గురించీ నాకు భయముంది. 1907లో రాజమండ్రిలో వందేమాతరం అన్నందుకు స్వాతంత్ర్య యోధుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని చదువు మధ్యలో వెళ్లగొట్టారు. ఆయన దాన్ని దాటుకుని గొప్పవారయ్యారు గాని, నా మేనకోడలికి ఆ పరీక్ష రాకుండా ఉంటే నాకు చాలు. గొడవ ముదిరిన చోట నిలబడవద్దు. ఎవరైనా సీసా ఎత్తితే ముందు నువ్వే దింపించు, వినకపోతే ఊరేగింపు ఆపి అందరినీ హాస్టల్‌కు తీసుకుపో.

చిన్నప్పుడు నా దుకాణంలో బెల్లం బస్తా మీద కూర్చుని, గల్లాపెట్టెలో చిల్లర నువ్వే లెక్కపెడతానని పేచీ పెట్టేదానివి. ఆ పిల్ల లెక్క తప్పదని నాకు నమ్మకం. కరపత్రం అచ్చుకు ఇచ్చే ముందు ఒక ప్రతి నాకు పంపు, దుకాణదారులతో మాట్లాడే భాగం నేను చూసి రాత్రికే తిప్పి పంపిస్తాను. ఐసుపెట్టెకు నా వంతు డబ్బు మీ అమ్మ ఖాతాలో వేశాను.

ఇట్లు,
మీ మామయ్య